సున్నా లోతులో కట్టిన పడవ

ఆ రోజుల్లో తిరుపతిలో నీళ్ళంటే బిందెల లెక్కే. ఎవరింటి గుమ్మం ముందు ఎన్ని బిందెలున్నాయో చూసి ఆ ఇంటివాళ్ళ అంతస్తు చెప్పేవాళ్ళం. నీళ్ళ ట్యాంకరు వీధిలోకి వస్తే పెండ్లిచూపులు కూడా మధ్యలో ఆగిపోయేవి, పెండ్లికూతురు బిందె పట్టుకుని వచ్చేదాకా అబ్బాయి తరఫువాళ్ళు కాఫీ గ్లాసులతో కూర్చునేవాళ్ళు (మా మేనత్త పెండ్లి అట్లాగే కుదిరింది, బిందె మోసే తీరు వాళ్ళకు నచ్చిందట). ఈత అనేది సినిమాలో చూసే విషయం. అటువంటి ఊళ్ళో, డెబ్బైల చివర్లో, మా చిన్నాయన తెరచాప పడవ కొన్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళ గురించి రాయబోతే మాటలు వాటంతట అవే బరువెక్కుతాయి, నాకు ఆ బరువు సయించదు. ఆయన మంచితనం గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను పడవ గురించి చెబుతాను.

చిన్నాయనకు రైల్వే స్టేషన్ వెనక సందులో షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే షాపు ఉండేది. నేను బి.ఏ. పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఆ షాపులో కుర్చీలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను. పెండ్లికి పంపిన కుర్చీలు పంపినన్ని తిరిగి రావు, ఒక్కోసారి పంపినవాటికంటే ఎక్కువ వస్తాయి, రెండూ ఇబ్బందే. షాపులో అసలు మనిషి గూటాలన్న. గూటాలు దిగ్గొట్టడం, తాళ్ళు బిగించడం ఆయన పని. ఆయన ముడి వేస్తే తాళి కట్టి, భోజనాలై, పెండ్లికూతురు ఏడ్చి బస్సెక్కేదాకా అది ఒక్క నూలు కూడా జారదని పేరు. నేను ఎక్కువ చదువుకున్నవాణ్ణని గూటాలన్నకు నా మీద కొంచెం జాలి ఉండేది.

చిన్నమ్మ సముద్రం వైపు మనిషి. నెల్లూరు అవతల ఉప్పుటేటి ఒడ్డున వాళ్ళ ఊరు. నడక రాకముందే ఈత వచ్చిందని వాళ్ళన్నలు చెప్పేవాళ్ళు. కాపురానికి వస్తూ బస్సులో శ్రీకాళహస్తి వంతెన మీదికి రాగానే చిన్నాయన కిటికీలోంచి చెయ్యి చాపి, "ఇదే మా స్వర్ణముఖి" అని గర్వంగా చూపించాడట. చిన్నమ్మ వంగి చూసింది. కింద ఇసకలో రెండు లారీలు నిలబడి ఉన్నాయి, ఒక డ్రైవరు వాటి నీడలో చాప వేసుకుని పడుకున్నాడు. "ఏరు యాడయ్యా?" అంది. "ఇదే." "ఇది ఏరా! మా వైపు ఏట్లో చేపలుంటాయి. మీ ఏట్లో డ్రైవర్లుండారే!" బస్సంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. ఆయన దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ తన వైపు నేలను ఎవరైనా తక్కువ చేస్తే ఓర్చుకోలేడు. చిన్నమ్మ ఆ సంగతి ఆ బస్సులోనే కనిపెట్టింది, కనిపెట్టాక ఊరుకునే రకం కాదు. బిందె దించిన ప్రతిసారీ ఒక మాట విసిరేది.

మాటలు విసురుకోవడం వరకైతే ఫరవాలేదు. పెండ్లయిన రెండో ఏడాది ఎండాకాలంలో ట్యాంకర్లు కూడా రావడం మానుకున్నాక చిన్నమ్మ నవ్వడం ఆపేసి, నెల్లూరికి పోదామంది. వాళ్ళన్నలు నెల్లూరులో షాపుకు చోటు చూసిపెడతామన్నారు. "అక్కడా పెండ్లిండ్లు జరుగుతాయి గదయ్యా, అక్కడా జనం కుర్చీల్లోనే కూర్చుంటారు" అంది. చిన్నాయనకు బావమరుదుల పంచన బతకడమంటే చచ్చేంత సిగ్గు. ఆ పూట భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని, మా అందరి ముందరా పందెం కట్టాడు: "ఇదో చెప్తా ఉండా. ఈ కార్తీకం దాటేలోగా నిన్ను మా ఊరి నీళ్ళమీద పడవలో కూర్చోబెడతా. కూర్చోబెట్టలేకపోతే షామియానాలు చుట్టుకుని మీ నెల్లూరికి వస్తా. సరేనా?" చిన్నమ్మ మాకు మజ్జిగ పోస్తూ, "పడవ సంగతి తర్వాత. ముందు నీళ్ళు యాడ తెస్తావయ్యా?" అంది. "అది నేను చూసుకుంటా." "సరే అయితే. మా అన్నకు చెప్తా, కార్తీకం తర్వాత చోటు సిద్ధంగా పెట్టమని."

ఇక ఆ రోజు నుంచి చిన్నాయన నిద్రపోలేదు. పాత కేన్వాసు గుడ్డ కొనడానికి మద్రాసు హార్బరు పక్కన పాత సామాన్ల దుకాణాలకు ఆయన ఎప్పుడూ పోతూనే ఉండేవాడు. ఈసారి నన్ను కూడా తీసుకుపోయాడు. కేన్వాసు చుట్టల వెనక, తుప్పుపట్టిన గొలుసుల మధ్య, పక్కకు ఒరిగి ఉంది పడవ. చేపల పడవ కాదు. ఎవరో తెల్లదొర దగ్గర్నుంచి చేతులు మారి వచ్చిన షికారు పడవ. ముందువైపు ఇద్దరు మనుషులు కాళ్ళు ముడుచుకుని పడుకునే చిన్న గది, దానికొక గుండ్రని కిటికీ, స్టవ్ పెట్టుకునే గూడు కూడా ఉన్నాయి. స్తంభం ఉంది, తెరచాప లేదు. చిన్నాయన చుట్టూ తిరిగి, తట్టి చూసి, నా చెవిలో అన్నాడు: "తెరచాప అంటే ఏముందప్పా, నిలబెట్టిన షామియానా. గుడ్డ మనది, తాళ్ళు మనవి, గూటాలన్న మనోడు. ఇంక కావాల్సింది ఏముండాది?" నీళ్ళు అని నేను అనలేదు. ఆయన మొహం అంత వెలుగుతోంది.

దుకాణం సాయిబు పడవను వెంటనే తీసుకుపొమ్మన్నాడు, ఆయనకు చోటు కావాలి. పక్కనే సముద్రం ఉంది కదా, తాత్కాలికంగా అందులో కట్టేసి పోదాం అన్నాడు చిన్నాయన, ఎద్దును సంతలో కట్టేసినట్టు. పడవలు అట్లా ఎక్కడపడితే అక్కడ కట్టకూడదని, దానికొక క్లబ్బు ఉంటుందని, క్లబ్బులో సభ్యులైతే కట్టుకునే చోటు ఇస్తారని సాయిబు చెప్పాడు. అట్లా మేము తెరచాప పడవల క్లబ్బుకు వెళ్ళాం, నేను ఇస్త్రీ చొక్కాలో, చిన్నాయన పట్టుపంచెలో. వరండాలో పేము కుర్చీలో కూర్చున్న పెద్దాయన తెల్లబూట్లు, తెల్ల నిక్కరు వేసుకున్నాడు. అంత వయసులో నిక్కరు వేసుకున్న మనిషిని చూడటం మాకు అదే మొదలు. చిన్నాయన మర్యాదకు మొదట్నుంచీ చివరిదాకా ఆయన మోకాళ్ళకేసి చూడకుండా ఆకాశంకేసి చూస్తూ మాట్లాడాడు.

తెల్లబూట్లాయన ఇంగ్లీషులో అడిగితే నేను తెలుగులో చెప్పి, చిన్నాయన జవాబును ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. పడవ నడిపిన అనుభవం ఉందా అన్నాడు. "లారీ తోలినా సార్, పలమనేరు ఘాటులో" అన్నాడు చిన్నాయన. ఈత వచ్చా? "ఇంతవరకూ దాంతో పనిబడలేదు సార్." ప్రస్తుతం పడవ ఏ నీళ్ళలో ఉంది? "ఏ నీళ్ళలో లేదు సార్, అందుకే గదా మీ దగ్గరకి వచ్చింది." నేను ఇవన్నీ కొంచెం మెత్తగా చేసి చెప్పాను. ఆయన చాలా మర్యాదస్తుడు, నవ్వకుండా, సభ్యత్వానికి పాత సభ్యులిద్దరు హామీ ఇవ్వాలని, మాకు ఇక్కడ తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరు. అప్పుడు చిన్నాయన సంచి విప్పాడు. తిరుపతి మనిషి ఊరు దాటితే సంచిలో లడ్డూలు లేకుండా దాటడు, మాకు అది గుర్తింపు కార్డు లాంటిది. లడ్డూ వాసన వరండాలోకి రాగానే లోపల పేకాట ఆడుతున్నవాళ్ళు బయటికొచ్చారు. బూట్లు విప్పారు. రెండు చేతులూ చాచి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఒకాయన మనవడి పుట్టువెంట్రుకలు తీయించాలని, కొండమీద రూము దొరకడం కష్టమటగదా అని తమిళంలో అడిగాడు. "నేనుండా గదా సార్, మీరు స్టేషన్లో దిగి షామియానా షాపు అని అడగండి చాలు" అన్నాడు చిన్నాయన. హామీ ఇవ్వడానికి ఇద్దరు కాదు, వరండాలో ఉన్నవాళ్ళంతా ముందుకొచ్చారు. (తర్వాత వాళ్ళు ఏళ్ళ తరబడి కుటుంబాలతో దిగారు. చిన్నమ్మ వాళ్ళకు ఇడ్లీలు పెడుతూ, "వీళ్ళంతా మీ పడవోళ్ళా? వీళ్ళ పడవల్ని చూసిన పాపాన పోలా, వీళ్ళ గుండ్లు మాత్రం చూస్తా ఉండా" అనేది.)

అట్లా తిరుపతి నుంచి ఆ క్లబ్బులో చేరిన మొదటి మనిషి మా చిన్నాయన. కానీ సభ్యత్వం వేరు, పడవ కట్టుకునే చోటు వేరు. చోట్లన్నీ నిండిపోయి ఉన్నాయి, ముందు అడిగినవాళ్ళు ఏళ్ళుగా కాచుకుని ఉన్నారు. తెల్లబూట్లాయన నొచ్చుకుంటూ, "మీకు తెలియనిదేముంది, మీ ఊళ్ళో క్యూ లాంటిదే అనుకోండి" అన్నాడు. నేను అది తెలుగులో చెప్పగానే చిన్నాయన మొహం వాడిపోయింది. జీవితంలో మొదటిసారి, లోపల తెలిసినవాళ్ళెవరూ లేని క్యూలో ఆయన నిలబడ్డాడు. బయటికి వచ్చి చాలాసేపు సముద్రంకేసి చూశాడు. "ఇంత నీళ్ళు పెట్టుకుని, ఒక్క పడవకి చోటు లేదంటారు సూడప్పా" అన్నాడు. "పోనీ. మనూర్లో చోటుకేం కరువు?" ఆ మాట నిజమే. మా ఊళ్ళో నీళ్ళకే గానీ చోటుకు ఎప్పుడూ కరువు లేదు.

కేన్వాసు చుట్టలతో పాటు పడవ లారీ ఎక్కి తిరుపతికి వచ్చి, షాపు ఎదురుగా వీధిలో దిగింది. పక్కన గూటాలు పెట్టి నిలబెట్టారు. తెల్లారి చూస్తే దాని ముందు ఒక కుటుంబం పెట్టెలతో, పిల్లలతో నిలబడి ఉంది. ఊళ్ళో లాడ్జీలన్నీ నిండిన రోజులు. పెద్దమనిషి కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "రూము ఖాళీగా ఉన్నట్టుంది, బాత్రూము ఎటుంది?" అని అడిగాడు. ఇది పడవ అని చెప్పాను. "ఏదైతే ఏం బాబూ, పిల్లలు పడుకుంటే చాలు" అన్నాడు. ఆ వారమంతా యాత్రికులు అందులో పడుకుని పోయారు, ఒక ముసలామె వేడినీళ్ళు ఇవ్వలేదని నాతో తగవు పెట్టుకుంది. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఆనందించింది. "ఏమయ్యా, ఎక్కేవాళ్ళు ఎక్కుతానే ఉండారు, దిగేవాళ్ళు దిగుతానే ఉండారు. యాడికీ పోకుండానే ఇంతమందిని దాటించిన పడవ మా వైపు కూడా లేదు" అంది. చివరికి వీధివాళ్ళు మొత్తుకుంటే పడవకు వేరే చోటు చూడక తప్పలేదు.

మా సొంత ఊరు ఏర్పేడు దాటి లోపలికి పోవాలి. ఊరికి పెద్ద చెరువుంది. పెద్ద చెరువు అని పేరే గానీ అప్పటికి అందులో నీళ్ళు నిలిచి ఏళ్ళయింది. లోపల నల్లతుమ్మ చెట్లు మొలిచాయి, దోసకాయలు పండిస్తున్నారు. చిన్నాయన ఆలోచన ఏమిటంటే, పడవను నీళ్ళ దగ్గరికి తీసుకుపోవడం కష్టం గనుక, నీళ్ళు రాబోయే చోట పడవను ముందే పెట్టుకుంటే, నీళ్ళే పడవ దగ్గరికి వస్తాయి. బస్సు కోసం ఊరివాళ్ళు రోడ్డుమీద ముందే పోయి కూర్చునే పద్ధతి ఇది. తూము కాపలా చూసే తాత ఒకాయన ఉండేవాడు, మేము తూము తాత అనేవాళ్ళం. నీళ్ళు లేకపోయినా ఆయన కాపలా మానలేదు. పడవను ఎడ్లబండి మీద తెచ్చి దించుతుంటే ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇది ఏం తింటాదప్పా?" అన్నాడు. "గాలి తాతా" అన్నాడు చిన్నాయన. "అయితే మనూర్లో బతుకుతాది" అన్నాడు తాత.

ఇక కట్టాలి. నేను యూనివర్సిటీ లైబ్రరీలో వెతికి తెరచాప పడవల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాను. నాకు తెలియని విషయం ఏదైనా పుస్తకంలో ఉండే తీరుతుందని అప్పటి నా నమ్మకం. గట్టుకు దగ్గర్లో ఉన్న లావైన తుమ్మ చెట్టు కింద అందరం నిలబడ్డాం. చిన్నాయన, గూటాలన్న, షాపులో కూలీలు, ఊరి జనం. చిన్నమ్మ కూడా వేడుక చూడటానికి వచ్చి గట్టుమీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటోంది. నేను పేజీ తెరిచి బిగ్గరగా చదివి తెలుగులో చెప్పాను: "పడవను కట్టే తాడు నీళ్ళ లోతుకు ఎన్నో రెట్లు పొడుగుండాల." చిన్నాయన తలాడించాడు. పుస్తకం అంటే ఆయనకు గౌరవం. "సరే. ఇప్పుడు లోతెంత?" అన్నాడు. నేను కింద చూశాను. దోసతీగ ఉంది. "సున్నా" అన్నాను. "సున్నాకి ఎన్ని రెట్లు?" నేను ఆలోచించి, "ఎన్ని రెట్లైనా సున్నానే" అన్నాను. "అదీ లెక్క! గూటాలన్నా, బిగించి కట్టు." తూము తాత కూడా ఒప్పుకున్నాడు. ఎనుమును (మా వైపు గేదెను అట్లాగే అంటారు) కట్టేటప్పుడు పలుపు పొడుగ్గా వదిలితే పక్కోడి చేలో పడుతుంది, పడవకూ అదే బుద్ధి ఉంటే ఎవరు చూడొచ్చారు? గూటాలన్న చెట్టు మొదట్లో, నేలకానించి, పెండ్లి అయ్యేదాకా జారని తన ముడి వేశాడు. ఊరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి లాగి చూశారు. పడవ ముక్కు చెట్టుకు అతుక్కుని ఉంది. గట్టుమీద చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. "ఏం చిన్నమ్మా?" అన్నాను. "ఏంలే అబ్బయా. శనక్కాయ గొంతులో పడింది" అంది.

ఆ తర్వాత నెలల తరబడి చెరువులో మా క్లబ్బు నడిచింది. మద్రాసు క్లబ్బుకు ఇది శాఖ అని చిన్నాయన ఉద్దేశం, వాళ్ళకు ఆ ఉద్దేశం తెలియదు. ఆదివారాలు షాపు మూసి అందరం పోయి పడవలో కూర్చునేవాళ్ళం. ఎర్రగుడ్డ మీద పసుపు పువ్వులు కుట్టిన షామియానా ముక్కను గూటాలన్న స్తంభానికి ఎత్తేవాడు. దూరం నుంచి చూసి పక్క ఊళ్ళవాళ్ళు ఎవరిదో పెండ్లి అనుకుని భోజనానికి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళను ఊరికే పంపలేక చిన్నమ్మ ఊళ్ళో మా ఇంటినుంచి సాంబారు బకెట్టు, అన్నం డేగిసా పంపేది, బకెట్టు పడవలోనే ఉండిపోయింది. నేను పుస్తకంలోంచి ఎడమ, కుడి, గాలివాలు గురించి చదివి వినిపించేవాణ్ణి. పడవ నీడలో మేకలు పడుకునేవి. దోసకాయలు పెట్టుకున్న రైతు పడవ గదిని తన కాపలా గుడిసెగా వాడుకునేవాడు, మాకూ అభ్యంతరం లేదు. ఆశ్వయుజం పోయింది. కార్తీకం వచ్చింది. ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంది. నెల్లూరునుంచి చిన్నమ్మ అన్న వచ్చి, షాపుకు చోటు చూశానని, తలుపులు కూడా బిగించానని చెప్పి పోయాడు. చిన్నాయన ఆ రోజు షామియానాలన్నీ ఎండలో పరిచి, మడిచి, పేర్చాడు. గూటాలన్న నన్ను పక్కకు పిలిచి, "నెల్లూరులో నేల మెత్తనంట గదా, గూటం నిలుస్తాదా?" అని అడిగాడు. పుస్తకంలో ఆ సంగతి లేదు.

కార్తీకం చివర్లో తుపాను వచ్చింది. అది వానలాగా మొదలు కాలేదు, ఎవరో పైన బిందె పడేసినట్టు మొదలైంది. మా వీధిలో జనం మొదటి రోజు సంతోషించారు, రెండో రోజు భయపడ్డారు, తర్వాత ఇంట్లోంచి నీళ్ళు బయటికి తోడటంలో పడ్డారు. బయటికి నీళ్ళు తోడటం అలవాటు లేక చాలామంది వాటిని బిందెల్లో నింపి దాచుకున్నారు. చిన్నాయన మాత్రం గుమ్మంలో నిలబడి ఆకాశానికి దండం పెట్టేవాడు. వాన తెరిపి ఇచ్చిన పొద్దున, బస్సు నడుస్తుందో లేదో తెలియకుండానే అందరినీ లేపాడు. చిన్నమ్మకు కొత్త చీర కట్టుకోమన్నాడు. "నీళ్ళ మీద కూర్చోబెట్టడానికి కొత్త చీర ఎందుకయ్యా" అంది గానీ కట్టుకుంది. కొంత దూరం బస్సు, కొంత దూరం ట్రాక్టరు, మిగతాది బురదలో నడక. చిన్నాయన అందరికంటే ముందు, పంచె పైకి కట్టి, పూజకు టెంకాయ పట్టుకుని, గట్టెక్కాడు. ఎక్కి ఆగిపోయాడు.

చెరువు నిండింది. నిజంగా, అంచుదాకా నిండింది. అంత నీళ్ళు మా ఊరు నా ఎరుకలో చూడలేదు. పడవ కూడా ఉంది. ఎక్కడ కట్టామో అక్కడే ఉంది, గూటాలన్న ముడి ఒక్క నూలు కూడా జారలేదు. నీళ్ళు లేచాయి, పడవ లేవబోయింది, తాడు లేవనివ్వలేదు. ముక్కు నీళ్ళలో మునిగి, వెనక భాగం ఆకాశంలోకి లేచి, దాహంతో ఉన్న ఎనుము తల ముంచినట్టు నిలబడి ఉంది. గుండ్రని కిటికీలోంచి నీళ్ళు లోపలికి పోతూ బయటికి బుడగలు వస్తున్నాయి. ఊరంతా గట్టుమీద నిలబడి చూస్తోంది. ఒక్కరికీ ఈత రాదు. తూము తాత, "ముడి బలే వేసినావప్పా" అని గూటాలన్నను మెచ్చుకున్నాడు. గూటాలన్న తల ఎత్తలేదు. "ఇంకొంచేపు చూస్తే పూర్తిగా మునుగుతాది" అన్నాడు దోసకాయల రైతు, ఆయన చాపా దిండూ అందులో ఉన్నాయి.

చిన్నాయన చేతిలో టెంకాయ అట్లాగే ఉంది. నేను పుస్తకం సంచిలోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టాను. చిన్నమ్మ వెనకనుంచి వచ్చి చెరువును చూసింది, పడవను చూసింది. గెలిచిన మనిషి నవ్వాలి కదా, నవ్వుతుందని నేను కాచుకున్నాను. ఆమె చిన్నాయన మొహంకేసి ఒకసారి చూసి, "తాతా, ఆ కొడవలి ఇటివ్వు" అంది. కొత్తచీర కుచ్చిళ్ళు వెనక్కి తీసి గోచీ బిగించింది. కొడవలి పళ్ళమధ్య పట్టుకుంది. "ఏమే, ఏం చేస్తా ఉండావు?" అని చిన్నాయన కేకవేసేలోగా ఆమె నీళ్ళలో ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు అయ్యో అయ్యో అన్నారు, మగవాళ్ళు ఎటు చూడాలో తెలియక తెల్లబూట్లాయన ముందు మా చిన్నాయన చూసినట్టు ఆకాశంకేసి చూశారు. ఆమె ఈదుతుంటే నీళ్ళు చప్పుడు కూడా చేయలేదు. చెట్టు దగ్గరికి పోయి మునిగింది. పైకి రాలేదు. ఇంకా రాలేదు. చిన్నాయన టెంకాయ పడేసి నీళ్ళలోకి నడిచాడు. చీలమండ, మోకాలు, నడుము, అక్కడ ఆగి, "మే! మే! వచ్చేయ్! నెల్లూరికే పోదాం, వచ్చేయ్ మే!" అని అరిచాడు. అప్పుడు పడవ పెద్దగా ఊపిరి తీసినట్టు శబ్దం చేసి పైకి లేచి, అటూ ఇటూ ఊగి, సర్దుకుని నిలబడింది. దాని పక్కన చిన్నమ్మ తల పైకొచ్చింది.

ఆమె పడవెక్కి, గదిలోంచి సాంబారు బకెట్టు వెతికి తీసి, నిదానంగా నీళ్ళు తోడి పారబోసింది. తర్వాత గది కప్పుమీద కూర్చుని, జుట్టు పిండుకుంటూ, ఊరంతా వినేట్టు, "ఏమయ్యా! నేను కూర్చున్నా. నువ్వు రావా?" అంది. చిన్నాయన నడుం లోతు నీళ్ళలో, వెనక్కి రాలేక ముందుకు పోలేక నిలబడి ఉన్నాడు. "రేపొస్తా లే. ఈడ కొంచెం పనుండాది" అన్నాడు. గట్టు గట్టంతా విరగబడి నవ్వింది. నెల్లూరులో ఉన్న బావమరిదికి కూడా ఆ నవ్వు వినిపించి ఉంటుంది.

గూటాలన్న ఒక పొడుగాటి తాడు విసిరాడు, ఊరంతా పట్టుకుని లాగితే పడవ గట్టుకొచ్చింది. చిన్నాయనను, నన్ను చెయ్యి పట్టి ఎక్కించారు. చిన్నాయన స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. తెర ఎత్తమని కళ్ళు మూసుకునే చెప్పాడు, గూటాలన్న గట్టునుంచే చెయ్యి చాచి ఎత్తి ముడి వేశాడు. తుపాను తర్వాతి గాలి ఇంకా పోలేదు. షామియానా పువ్వులన్నీ ఒక్కసారి ఉబ్బాయి, పడవ కదిలింది, కదలడం కాదు, పరిగెత్తింది. దాన్ని ఆపడం ఎట్లాగో పుస్తకంలో ఉంది, పుస్తకం గట్టుమీద ఉంది. తెర దించుదామంటే అది గూటాలన్న ముడి. చిన్నమ్మ ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది, మేము దోసతోట మీదుగా, బండి బాట మీదుగా, మేకలు మేసిన చోటు మీదుగా దూసుకుపోయి, అవతలి గట్టు పక్కన తుంగలో దిగబడ్డాం. అంతే. మా క్లబ్బు చేసిన షికారు అదొక్కటే. తిరిగి గట్టు చుట్టూ నడిచి వచ్చాం. దారంతా వాళ్ళిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. "మా ఊరి నీళ్ళ మీద, పడవలో, కార్తీకంలో కూర్చున్నావా లేదా?" "కూర్చున్నా. నువ్వు కూర్చోబెట్టలా, నేనే కూర్చున్నా. పైగా నెల్లూరికి పోదామని అరిచింది ఎవరు? ఊరంతా సాక్ష్యం." "అది వేరే సంగతి." "ఏం వేరే?" అది ఎప్పటికీ తేలలేదు. వాళ్ళన్న బిగించిన తలుపులు వేరే ఎవరికో పోయాయి. ఎవరు గెలిచారని అడిగితే ఇద్దరూ తామే అనేవాళ్ళు, అడగని రోజున కూడా అనేవాళ్ళు. వేసవికి నీళ్ళు తగ్గి పడవ తుంగలో నేలకానింది, కొన్నాళ్ళు మేకలకు, తర్వాత ఎవరి వంటింటికో పనికొచ్చింది.

చిన్నాయన దినాలనాడు బంధువులంతా కూర్చుని ఆయన గురించి ఒక్కొక్కరే చెబుతున్నారు. ఆయన ధర్మం, ఆయన మాట నిలకడ, ఇంకా ఆయన వింటే ఇబ్బందిపడే మాటలు. లోపలినుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది: "పడవ సంగతి ఒక్కరూ చెప్పరేందబ్బయా?" నేను చెప్పాను. జనం నవ్వారు, చావింట్లో నవ్వామని తర్వాత సిగ్గుపడ్డారు. అందరూ పోయాక వంటింట్లో ఆమె దగ్గర కూర్చున్నాను. "తాడు పొట్టిదని నీకు ఆ రోజే తెలుసు కదా చిన్నమ్మా?" అన్నాను. "తెలుసు. నన్నెవరూ అడగలా." "చెప్పొచ్చు కదా?" "చెప్తే ఆయన గెలిచేవాడు." "మరి కోసిందెందుకు?" ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. "పడవ ముక్కు నీళ్ళలో ఉండింది అబ్బయా. ఆయన మొహం చూస్తే ఆయన ముక్కే నీళ్ళలో ఉన్నట్టుండింది" అంది. తర్వాత నావైపు చూసి, "పుస్తకం చదివిన పెద్దమనిషివి, నువ్వైనా ఇంకొంచెం వదులుగా కట్టమని చెప్పలేదు" అని నవ్వింది.

నాకు ఇప్పటికీ ఈత రాదు. పుస్తకాలు మాత్రం ఇంకా చదువుతున్నాను. మొన్న వరండాలో బట్టలు ఆరేసే తాడు కడుతూ, అలవాటుగా బిగించి, ఎందుకో ఆగి, ముడి విప్పి ఇంకో రెండు మూరలు వదులు పెట్టాను. బట్టలు నేలను తాకుతున్నాయని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. మేముండేది మూడో అంతస్తు, ఇక్కడిదాకా నీళ్ళు వచ్చే అవకాశం లేదని నాకు తెలుసు. అయినా అట్లాగే ఉంచాను.